టీబీ మందులతో నాన్నకు ఎస్‌జీపీటీ పెరిగింది. నేల ఉసిరి రసం, పసుపు క్యాప్సూల్స్ ఇవ్వచ్చా?

పటమట_పద్మ
నాన్నకు ఊపిరితిత్తుల టీబీ. వయసు అరవై దాటింది. ప్రభుత్వ మందులు మొదలుపెట్టి నెల దాటింది, బరువును బట్టి రోజూ నాలుగు బిళ్ళలు. దగ్గు తగ్గింది, రాత్రి జ్వరం పోయింది. మొన్న లివర్ టెస్టు చేయిస్తే లివర్ ఎంజైము ఎస్‌జీపీటీ 110 వచ్చింది. రిపోర్టులో నార్మల్ 40 లోపు అని ఉంది. కామెర్లు తెలిపే బిలిరుబిన్ 0.9. డాక్టరు గారు కాగితం ఒక్కసారి చూసి "ఏం కాదు, మందులు ఆపొద్దు, వారం తర్వాత మళ్ళీ టెస్టు చేయించండి" అన్నారు. దాదాపు మూడు రెట్లు ఉంటే ఏం కాదంటారేంటి అని అడిగేలోపే తర్వాతి పేషెంటును పిలిచారు.

ఇంటికొచ్చాక తలో మాట. పెద్దమ్మ నేల ఉసిరి మొక్కను వేళ్ళతో సహా దంచి పరగడుపున రసం పోయమంటుంది. తమ్ముడు ఆన్‌లైన్‌లో పసుపు క్యాప్సూల్స్ తెప్పించాడు, మిరియాల సారం కూడా కలిపారట. పక్కింటావిడ కారం, నూనె, పప్పు, గుడ్డు అన్నీ మాన్పించి చారన్నం, మజ్జిగన్నం పెట్టమంటున్నారు. నాన్న అసలే చిక్కిపోయి ఉన్నారు. ఆకులు, దినుసులు, కూరగాయల్లో ఉండేవి మందుల దెబ్బ నుంచి లివర్‌ను నిజంగా కాపాడతాయా? తెలిసినవాళ్ళు చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

కృష్ణలంక_శీను
నేల ఉసిరి ఇచ్చేయండి అక్కా. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఎవరికి కామెర్లొచ్చినా పసరు మందే. అందరికీ తగ్గింది. ఒక్కరు కూడా ఆసుపత్రి గడప తొక్కలేదు.

వార్డు_సిస్టర్
పద్మ గారూ, ముందు మీ టెన్షన్ సంగతి. డాక్టరు చెప్పింది సరైనదే, ఎందుకో చెప్పకపోవడమే తప్పు. టీబీ మందుల్లో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్ మీద పడతాయి. ఇథాంబ్యుటాల్ పడదు. మొదటి రెండు నెలలు నాలుగూ కలిసి ఉంటాయి కాబట్టి ఎంజైములు కొద్దిగా పెరగడం చాలామందిలో చూస్తాం. ఎక్కువమందిలో మందులు నడుస్తుండగానే దిగిపోతాయి.

ఆపడానికి ఒక లెక్క ఉంది. వాంతులు, అన్నం సయించకపోవడం, కళ్ళు పచ్చబడటం లాంటి లక్షణాలు ఉండి ఎస్‌జీపీటీ మూడు రెట్లు దాటితే ఆపుతారు. ఏ లక్షణమూ లేకపోతే ఐదు రెట్లు దాటాక ఆపుతారు. అంటే మీ రిపోర్టు ప్రకారం 120, 200. నాన్నగారిది 110, బిలిరుబిన్ బాగుంది. అందుకే కొనసాగించమన్నారు. మీ అంతట మీరు మాత్రం ఒక్క రోజు కూడా బిళ్ళలు ఆపకండి. ఆపాలో వద్దో డాక్టరే చెప్పాలి.

ఇంకోటి. రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ ఎరుపులో వస్తుంది, చెమట, కన్నీళ్ళు కూడా రంగు తిరగొచ్చు. అది చూసి కామెర్లని హడావిడి పడేవాళ్ళు చాలామంది. మీరు చూడాల్సింది కంటి తెల్లగుడ్డు. ట్యూబ్‌లైటు కింద కాదు, పగటి వెలుగులో, కింది రెప్ప లాగి చూడండి. దాంతోపాటు అన్నం ముందు కూర్చోగానే వికారం వస్తుందా, కుడివైపు డొక్కలో నొప్పి ఉందా గమనించండి. వీటిలో ఏది కనిపించినా వారం ఆగొద్దు, ఆ రోజే వెళ్ళండి.

పటమట_పద్మ
సిస్టర్ గారూ, ఈ ముక్క అక్కడే చెప్పి ఉంటే నేను రాత్రంతా కూర్చునేదాన్ని కాదు. మూత్రం రంగు చూసి నాన్న కూడా భయపడి ఎవరికీ చెప్పకుండా దాచుకున్నారు.

దుగ్గిరాల_రైతు
పసుపు గురించి కాబట్టి వస్తున్నా. మా ఇంట్లో మూడు తరాలుగా పసుపు పండిస్తున్నాం, దుగ్గిరాల యార్డుకు వేస్తాం. మా అమ్మ రోజూ రాత్రి పాలలో చిటికెడు పసుపు, రెండు మిరియాలు వేసుకుని తాగేది. ఆవిడకు లివర్ జబ్బు అన్న మాటే తెలియదు. పసుపు మంచిది కాదంటే నేను ఒప్పుకోను.

ఎంఫార్మ్_లక్ష్మి
రైతు గారూ, పసుపు చెడ్డదని ఎవరూ అనడం లేదు. చిటికెడు పసుపు వేరు, ఆ క్యాప్సూల్ వేరు. లెక్క చూడండి. పసుపులో పనిచేసే పదార్థం కర్క్యుమిన్, బరువులో సుమారు 3 శాతం. కూరలో అర చెంచా అంటే ఒకటిన్నర గ్రాములు వేసుకున్నా కర్క్యుమిన్ 45 మిల్లీగ్రాములు, అదీ ఇంటిల్లిపాదికీ. 95 శాతం సారం ఉన్న 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్ ఒక్కదాంట్లో 475. ఒక మనిషి ఒక్క గుటకలో 16 గ్రాముల పసుపు మింగినట్టు.

పైగా కర్క్యుమిన్ పేగుల్లోంచి రక్తంలోకి చాలా తక్కువ ఎక్కుతుంది. అందుకే మిరియాల్లోని పైపరీన్ కలుపుతారు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్ళు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరీన్ ఇచ్చి చూస్తే రక్తంలోకి చేరేది 2000 శాతం పెరిగింది. సీసాల మీద గొప్పగా వేసుకునే అంకె ఇదే. పైపరీన్ ఈ పని ఎలా చేస్తుంది? లివర్, పేగులు బయటి పదార్థాలను విరగ్గొట్టి పంపించే ఎంజైముల్ని నెమ్మదింపజేసి. అలాంటి ఎంజైములు చాలా మందుల మీద కూడా పనిచేస్తాయి. ఫెనిటోయిన్, ప్రొప్రనలాల్, థియోఫిలిన్ లాంటి మందులు పైపరీన్‌తో రక్తంలో పెరుగుతాయని తేలింది. రిఫాంపిసిన్ ఎక్కువగా ఒంటికి పట్టేలా పైపరీన్ కలిపిన టీబీ మాత్ర మన దేశంలోనే తయారైంది, జమ్మూలోని ప్రభుత్వ ప్రయోగశాల పరిశోధనతో. దాంట్లో రిఫాంపిసిన్ డోసు ఆ మేరకు తగ్గించారు. మీ తమ్ముడి సీసాలో ఆ లెక్క ఎవరు చూశారు?

కాఫీ_కుమార్
మిరియాల చారు కూడా మానేయాలా?

ఎంఫార్మ్_లక్ష్మి
అక్కర్లేదు. చారులో నాలుగు మిరియాలు వంటే. రోజూ తప్పకుండా కొలిచి వేసుకునే సారం మందు. దాన్ని మందులాగే చూడాలి.

ఒక విషయం మిగిలింది. అమెరికాలో మందుల వల్ల లివర్ దెబ్బతిన్న కేసులను నమోదు చేసే నెట్‌వర్కు ఒకటి ఉంది. పసుపు సప్లిమెంట్ల వల్ల వచ్చిన 10 కేసులను వాళ్ళు 2022లో ప్రచురించారు. అందులో ఒకరు చనిపోయారు. పదిమందిలో ఏడుగురికి ఒకే జన్యు రకం ఉంది. కాబట్టి అందరికీ రాదు, కానీ ఎవరికి వస్తుందో ముందే తెలియదు. ఇప్పటికే ఎంజైములు పెరిగి ఉన్న మనిషి మీద ఆ ప్రయోగం దేనికి?

దుగ్గిరాల_రైతు
క్యాప్సూల్ సంగతి నాకు కొత్త, ఒప్పుకుంటున్నా. మా అమ్మ పాల సంగతిలో మాత్రం నా మాట మీదే ఉన్నా. పద్మ గారూ, ఒక్క మాట. వంటకు పసుపు కొమ్ములు కొని మర పట్టించుకోండి. మెరుపు కోసం సీసం ఉన్న క్రోమేట్ రంగు కలిపే కల్తీ ఉంది. ఆ రంగు ఏ లివరుకూ, ఏ కిడ్నీకీ మంచిది కాదు. మరీ నిగనిగలాడే పసుపును రైతు ఎవడూ కొనడు.

మూలికల_మూర్తి
ఇందాకటి నుంచి చూస్తున్నా, అంతా ఇంగ్లీషు మందుల తరఫున మాట్లాడుతున్నారు. లివర్ పాడైంది దేనివల్ల? ఆ బిళ్ళల వల్ల. బాగుచేసే ఆకుల్ని అనుమానిస్తున్నారు. నేల ఉసిరి, గుంటగలగర, గలిజేరు, నేలవేము, కటుకరోహిణి: వీటిని కామెర్లకు వాడమని మన వైద్య గ్రంథాలు వందల ఏళ్ళుగా చెబుతున్నాయి. మన ఫార్మసీ కాలేజీల్లోనే వీటి మీద ఎన్నో థీసిస్‌లు వచ్చాయి, లక్ష్మి గారికి తెలియందా? అన్నింట్లోనూ లివర్‌ను కాపాడుతుందనే రాశారు.

ఎంఫార్మ్_లక్ష్మి
మూర్తి గారూ, అలాంటి థీసిస్ నేనూ చేశాను, గుంటూరు దగ్గర కాలేజీలోనే. మునగాకు సారం మీద. అందుకే దాని లోపల ఏం ఉంటుందో చెప్పగలను.

ఎలుకల్ని గుంపులుగా విడగొడతాం. ఒక గుంపుకు మామూలు తిండి, ఒక గుంపుకు పారాసిటమాల్ భారీ డోసు, ఇంకో రెండు గుంపులకు ఆకు సారం కిలోకు 200, 400 మిల్లీగ్రాములు, ఒక గుంపుకు పోలిక కోసం సిలిమరిన్ అనే మొక్క మందు. ఆకు సారాన్ని విషం ఇవ్వడానికి ముందే వారం పాటు ఇస్తాం. తర్వాత రక్తం తీసి ఎస్‌జీపీటీ, ఎస్‌జీవోటీ చూస్తాం, లివర్‌ను పలుచగా కోసి రంగు అద్ది మైక్రోస్కోపు కింద పెడతాం. విషం మాత్రమే తిన్న ఎలుక లివర్లో కణాలు ఉబ్బి, మధ్యమధ్య చచ్చిన మచ్చలు కనిపిస్తాయి. ఆకు సారం తిన్నదాంట్లో ఆ మచ్చలు తక్కువ. అది నేను కళ్ళారా చూసిందే, అబద్ధం కాదు.

కానీ ఆ ఫలితాన్ని మనిషికి తేవాలంటే ముందు డోసు లెక్క కుదరాలి. ఎలుక డోసును 6.2తో భాగిస్తే మనిషి డోసు వస్తుంది. 400ను భాగిస్తే కిలోకు 65 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 4 గ్రాముల సారం. ఎండు ఆకులో పదో వంతు సారం వస్తుందనుకుంటే 40 గ్రాముల ఎండాకు, ప్రతి రోజూ. పచ్చాకులో అది ఎన్ని కట్టలో మీరే ఊహించండి. ఇక ఎలుకకు ఒక్కసారి పారాసిటమాల్ విషం పడితే అందులో జరిగేది వేరు, మనిషి నెలల తరబడి ఐసోనియాజిడ్ వాడితే జరిగేది వేరు. ఎలుకల్లో అన్ని ఆకులూ పనిచేస్తాయి. మనుషుల్లో నిలబడినవి వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు.

వైద్యవిద్యార్థి_జీఎంసీ
లక్ష్మి గారు చెప్పిన పారాసిటమాల్ విషయం వివరంగా చెప్పాలి, ఈ థ్రెడ్‌లో అందరికీ పనికొస్తుంది. లివర్ పారాసిటమాల్‌లో ఎక్కువ భాగాన్ని మామూలుగానే వదిలించేస్తుంది. కొద్ది భాగం నాప్‌క్వి అనే విషపదార్థంగా మారుతుంది. దాన్ని లివర్లో ఉండే గ్లూటథయోన్ అనే రక్షణ పదార్థం పట్టుకుని కట్టిపడేస్తుంది. గ్లూటథయోన్ అయిపోతే నాప్‌క్వి కణాలనే పట్టుకుంటుంది. ఈ గ్లూటథయోన్ తయారీకి ప్రొటీన్‌లోని సిస్టీన్ కావాలి. పారాసిటమాల్ ఎక్కువైనవాళ్ళకు ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు ఎన్-అసిటైల్ సిస్టీన్, మొదటి 8 గంటల్లో ఇస్తే బాగా పనిచేస్తుంది.

ఇప్పుడు పక్కింటావిడ పథ్యం సంగతి. గుడ్డు, పప్పు మాన్పిస్తే లివర్‌కు రక్షణ సరుకు ఎక్కడి నుంచి వస్తుంది? ఉపవాసాలు, తిండి లోపం ఉన్నవాళ్ళలో గ్లూటథయోన్ నిల్వలు తక్కువ. టీబీలో తిండి ఎంత ముఖ్యమో జార్ఖండ్‌లో పోషకాహారం ఇచ్చి చూసిన రేషన్స్ అనే ట్రయల్ 2023లో చూపించింది. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగినవాళ్ళలో మరణాలు బాగా తక్కువ. వాళ్ళింట్లో మిగతావాళ్ళకు కూడా పోషకాహారం ఇస్తే టీబీ జబ్బు రావడం తగ్గింది. మజ్జిగన్నం పథ్యం పెట్టి మనిషిని ఇంకా చిక్కిపోనివ్వొద్దు. గుడ్లు, పప్పు, చేపలు, ఆకుకూర, నూనె అన్నీ పెట్టండి.

బ్రాడీపేట_కామేశ్వరి
మా చిన్నప్పుడు కామెర్లొస్తే ఉప్పు లేని చప్పిడి పథ్యం నెలరోజులు. పిల్లాడు లేచేసరికి పుల్లలా అయ్యేవాడు. పద్మా, ఆ పని చేయకమ్మా. పెసరపప్పు, మునగాకు కలిపి కూర చెయ్యి, నాన్నకు నోరు చేదుగా ఉంటే గోంగూర పప్పులో రెండు పచ్చిమిరపకాయలు వేసి పెట్టు. గుంటూరోళ్ళకు గోంగూర వాసన తగిలితే ఆకలి దానంతటదే వస్తుంది.

కృష్ణలంక_శీను
బెజవాడ వాళ్ళకు రాదా ఆంటీ ఆకలి? 😄 సరే, నా ప్రశ్న అలాగే ఉంది. పసరు మందుతో మా ఊళ్ళో అందరికీ ఎలా తగ్గింది?

వార్డు_సిస్టర్
శీనూ, మంచి ప్రశ్న. ఊళ్ళలో వచ్చే కామెర్లు ఎక్కువ భాగం హెపటైటిస్ ఏ, ఈ వైరస్‌ల వల్ల, కలుషితమైన నీళ్ళ నుంచి. వాటిలో చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ కొన్ని వారాల్లో పసరు తాగితే పసరుకు పేరు, పూజ చేయిస్తే పూజకు పేరు. తగ్గని ఒకరిద్దరి గురించి ఊళ్ళో ఎవరూ చెప్పుకోరు. మా వార్డుకు వచ్చేది ఆ ఒకరిద్దరే. గర్భిణికి హెపటైటిస్ ఈ వచ్చి, పసరు కోసం తిరిగి తిరిగి ఆలస్యంగా తీసుకొస్తే ఎలా ఉంటుందో నేను చూశాను. చేతి మణికట్టు మీద పసరు వేసి కాల్చిన పుండ్లతో వచ్చేవాళ్ళూ ఉన్నారు.

మందు వల్ల వచ్చిన కామెర్లు అలా కాదు. ఆ మందు ఒంట్లోకి పోతూ ఉన్నంతసేపూ దెబ్బ పడుతూనే ఉంటుంది. సమయానికి గుర్తుపట్టి ఆపాలి, తగ్గాక ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెట్టాలి. పసరు తాగుతూ ధీమాగా కూర్చుంటే ఆ సమయం పోతుంది. నా భయం అంతా దాని గురించే.

మిర్చియార్డు_మస్తాన్
తిప్పతీగ గురించి ఎవరూ చెప్పలేదు. కరోనా అప్పటి నుంచి మా మామయ్య రోజూ పొద్దున్నే తిప్పతీగ రసం తాగేవాడు, ఇమ్యూనిటీ అని. కొన్ని నెలలకు కళ్ళు పచ్చబడ్డాయి. మందు తాగడు, వైరస్ టెస్టులు అన్నీ నెగిటివ్. చివరికి ఒక పెద్ద డాక్టరు "ఆకులు, రసాలు ఏమైనా తాగుతున్నారా" అని అడిగితే బయటపడింది. ఆపించి, కొన్నాళ్ళు స్టెరాయిడ్ ఇచ్చారు, బతికి బయటపడ్డాడు. అంతకుముందు చూపించిన చోట ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు, మామయ్య కూడా చెప్పలేదు. అది మందని ఆయన అనుకుంటే కదా చెప్పడానికి.

వైద్యవిద్యార్థి_జీఎంసీ
మస్తాన్ అన్నా, మీ మామయ్య లాంటి కేసులే 2021లో ముంబై డాక్టర్లు రాశారు. తర్వాత 2022లో దేశంలో పలు కేంద్రాల నుంచి 43 మందితో అధ్యయనం వచ్చింది. తిప్పతీగ రోగనిరోధక వ్యవస్థను ఎగదోస్తుంది. కొందరిలో అది సొంత లివర్ మీదే తిరగబడుతుంది. థైరాయిడ్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి.

మూలికల_మూర్తి
దానికి ఆయుష్ మంత్రిత్వ శాఖ జవాబు కూడా చదవండి. ముంబై వాళ్ళు మొక్కను సరిగ్గా గుర్తించలేదని, అదే జాతిలోని వేరే తీగ అయి ఉండొచ్చని చెప్పింది. ఆ రెండో తీగ కాడ మీద గట్టి బొడిపెలు ఉంటాయి, అసలు తిప్పతీగకు అలా ఉండవు. చూడగానే తెలిసిన మనిషి గుర్తుపడతాడు.

ఎంఫార్మ్_లక్ష్మి
2022 అధ్యయనంలో దొరికిన మూలికను రసాయన పరీక్షతో చూశారు మూర్తి గారూ, అసలు తిప్పతీగ కేసులు కూడా ఉన్నాయి. అయినా మీ మాటే తీసుకుందాం. చూడగానే గుర్తుపట్టే మనిషి బాటిల్లో పోసిన రసాన్ని చూసి ఏం గుర్తుపడతాడు? నేల ఉసిరి అయినా అంతే. ఆ జాతిలో చూడ్డానికి ఒకేలా ఉండే మొక్కలు మూడు నాలుగు రకాలు. పద్మ గారి పెద్దమ్మ ఎక్కడి నుంచి పీకుతారు? ఏలూరు కాలవ గట్టు మీదా? అక్కడ మురుగు, కలుపు మందు అన్నీ ఉంటాయి.

మూలికల_మూర్తి
ఆ మాట నేనూ ఒప్పుకుంటా. కాలవ గట్టు మీద పీకిన మొక్కను నేను కూడా వాడమని చెప్పను. ఆయుర్వేదం కావాలంటే విజయవాడలో ఎన్.ఆర్.ఎస్. ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, ఓపీలో చదువుకున్న వైద్యులుంటారు. టీబీ మందులు వాడుతున్నట్టు చెప్పి అడగండి. నా కోపం దేని మీదంటే, వాట్సాప్ వైద్యానికీ మా శాస్త్రానికీ తేడా లేకుండా మాట్లాడటం మీద. ఇంకో నిజం కూడా చెప్పాలి. దేశంలో మందుల వల్ల లివర్ పాడైనవాళ్ళలో ఎక్కువమంది ఇంగ్లీషు మందుల వల్లే.

వైద్యవిద్యార్థి_జీఎంసీ
నిజమే సార్. దాదాపు 1,300 మందితో దేశవ్యాప్త రిజిస్ట్రీ ఉంది, అందులో టీబీ మందులది 46 శాతం, మూలికలు, ఇతర సంప్రదాయ మందులది 14 శాతం. కానీ టీబీ మందులు వాడకపోతే ప్రాణం పోయే ప్రమాదం ఉంది, వాడేటప్పుడు టెస్టులు చేస్తాం. ఆ 14 శాతంలో ఎవరికీ ముందుగా టెస్టు లేదు, సీసా మీద హెచ్చరిక లేదు.

నేల ఉసిరి గురించి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. 1988లో చెన్నై పరిశోధకులు, హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ పొందిన బ్లంబర్గ్‌తో కలిసి వైద్య పత్రిక లాన్సెట్‌లో రాశారు. నేల ఉసిరి ఇచ్చిన 37 మంది హెపటైటిస్ బి వాళ్ళలో 59 శాతం మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైందని. ప్రపంచమంతా ఆశపడింది. తర్వాత వేరే చోట్ల చేసిన ట్రయల్స్‌లో ఆ ఫలితం మళ్ళీ రాలేదు. అది కూడా హెపటైటిస్ బి విషయం. టీబీ మందుల దెబ్బకు కాదు.

కాఫీ_కుమార్
అయితే మొక్కల నుంచి వచ్చిన ఏ పదార్థమూ లివర్‌ను కాపాడదా? నేను ఫిల్టర్ కాఫీ తాగుతూ ఇదంతా చదువుతున్నా, గుండె దడదడలాడుతోంది.

ఎంఫార్మ్_లక్ష్మి
కుమార్ గారూ, నిశ్చింతగా తాగండి. కాఫీ తాగేవాళ్ళలో లివర్ ఎంజైములు, సిరోసిస్ తక్కువగా ఉన్నట్టు చాలా దేశాల్లో పెద్ద పెద్ద అధ్యయనాల్లో కనిపించింది. కాఫీయే కారణమని గట్టిగా చెప్పలేం, చెడు చేస్తుందనైతే లేదు. చక్కెర తగ్గించండి చాలు.

ఆసుపత్రిలో నిజంగా వాడే మొక్క పదార్థం ఒకటుంది. మిల్క్ తిసిల్ అనే మొక్క గింజల్లోని సిలిబినిన్, విషపు పుట్టగొడుగులు తిన్నవాళ్ళకు యూరప్‌లో సెలైన్‌తో ఎక్కిస్తారు. అదే మొక్క సిలిమరిన్ మాత్రలను టీబీ మందులతో ఇచ్చి చూస్తే కొన్ని ట్రయల్స్‌లో మేలు కనిపించింది, కొన్నింట్లో లేదు. డాక్టరు రాస్తే వాడొచ్చు. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాల్లో సల్ఫొరఫేన్, దానిలాంటి పదార్థాలుంటాయి, కణాల్లో విషాన్ని వదిలించే ఎంజైముల్ని మేల్కొలుపుతాయి. కూరగా తింటే ఏ ఇబ్బందీ లేదు. గ్రీన్ టీ కప్పుతో ఏమీ కాదు, కానీ దాని సారం మాత్రలతో రోజుకు 800 మిల్లీగ్రాముల ఈజీసీజీ (గ్రీన్ టీలోని ముఖ్య పదార్థం) దాటితే లివర్ ఎంజైములు పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. బరువు తగ్గే పొడులు కొనేవాళ్ళు ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

కాఫీ_కుమార్
కాఫీ గురించి రాసిన ముక్క ప్రింటు తీసి మా ఆవిడకు చూపిస్తా. చక్కెర లైను కూడా ఆవిడ చదివేస్తుంది, ఏం చేస్తాం 😄

వార్డు_సిస్టర్
పద్మ గారూ, అసలు అడగాల్సింది మరిచిపోయా. నాన్నగారు మందు తాగుతారా? జ్వరానికి డోలో వేసుకుంటున్నారా?

పటమట_పద్మ
మందు ఎప్పుడో మానేశారు. ఒళ్ళునొప్పులకు డోలో 650 వేసుకుంటారు, ఒక్కోరోజు మూడు. జలుబు చేసిందని మొన్న మెడికల్ షాపులో ఇంకేదో బిళ్ళ కూడా తెచ్చుకున్నారు.

వార్డు_సిస్టర్
ఇదిగో, ఇది ముఖ్యం. డోలో అంటే పారాసిటమాలే, జలుబు బిళ్ళల్లో చాలావాటిలోనూ అదే ఉంటుంది. స్ట్రిప్ వెనక చదవండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు రోజు మొత్తం 4 గ్రాములు మించకూడదు, లివర్ ఇబ్బంది ఉన్నవాళ్ళకు 2 గ్రాముల లోపే ఉంచుతారు. మూడు 650లు అంటేనే దాదాపు 2 గ్రాములు అయిపోయాయి, దానిపైన జలుబు బిళ్ళ. ఐసోనియాజిడ్ వాడేవాళ్ళకు పారాసిటమాల్ ఇంకా జాగ్రత్తగా ఇవ్వాలి. ఆకుల కోసం వెతకడం కంటే ముందు ఈ బిళ్ళలు ఆపించండి, నొప్పికి ఏం వాడాలో డాక్టరునే అడగండి. కాళ్ళు తిమ్మిర్లు రాకుండా ఇచ్చిన బీ6 బిళ్ళ మాత్రం మానొద్దు. టీబీ వాళ్ళ తిండికి ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ డబ్బులు 2024 నవంబర్ నుంచి నెలకు 1000 రూపాయలు, ఖాతాలో పడుతున్నాయో లేదో కూడా చూసుకోండి. గుడ్లకు, పాలకు పనికొస్తాయి.

పటమట_పద్మ
స్ట్రిప్ చూశాను. జలుబు బిళ్ళలో పారాసిటమాల్ 500 ఉంది. రెండూ తీసేశాను. క్యాప్సూల్స్ తమ్ముడితో రిటర్న్ పెట్టించాను. పెద్దమ్మకు చెప్పడమే కష్టమైంది, "నా చేతి వైద్యం పనికిరాదా" అని చిన్నబుచ్చుకుంది. కామేశ్వరి గారి మునగాకు పప్పు నువ్వే చేసి పెట్టు పెద్దమ్మా అంటే శాంతించింది. రోజూ తనే పటమట రైతుబజార్‌కు వెళ్ళి ఆకు తెస్తోంది.

ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని మళ్ళీ వెళ్ళాను. ఈసారి డాక్టరు గారు కూర్చోబెట్టి చెప్పారు. కొత్త రిపోర్టులో ఎస్‌జీపీటీ 74. మందులు అలాగే కొనసాగించమన్నారు.

బ్రాడీపేట_కామేశ్వరి
మంచి మాట చెప్పావు తల్లీ. పెద్దమ్మకు నా తరఫున చెప్పు, మునగాకు లేతది ఏరితే చేదుండదు.

వైద్యవిద్యార్థి_జీఎంసీ
పద్మక్కా, డోలో ఆపడం వల్లే తగ్గిందని గట్టిగా చెప్పలేం, దానంతటదే కూడా దిగుతుంది. రెండు నెలల ఫేజు పూర్తయ్యేదాకా టెస్టులు మానకండి. ఆ తర్వాత పైరజినమైడ్ తీసేస్తారు.

అమరావతి_రోడ్డు
నాకూ ఒక డౌటు. నాన్న కొలెస్ట్రాల్ మందు అటోర్వాస్టాటిన్ వాడుతున్నారు. మా దొడ్లో పంపర పనస విరగకాసింది, రోజూ తింటున్నారు. పర్లేదా?

ఎంఫార్మ్_లక్ష్మి
గ్రేప్‌ఫ్రూట్‌లో ఫ్యూరనోకూమరిన్లు ఉంటాయి, అవి అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ లాంటి మందుల్ని విరగ్గొట్టే పేగు ఎంజైమును ఆపేస్తాయి. మందు రక్తంలో పెరిగి కండరాల నొప్పులు రావచ్చు. పంపర పనస దాని దగ్గరి చుట్టం, అవే పదార్థాలు ఉంటాయి. రోజూ కాయ తినడం ఆపి డాక్టరును అడగమనండి. కాయలు చుట్టుపక్కల పంచండి.

అమరావతి_రోడ్డు
సరే అండీ. కావాల్సినవాళ్ళు సంచి తెచ్చుకోండి, కాయలు బోలెడున్నాయి.

మిర్చియార్డు_మస్తాన్
మామయ్య కేసు లాంటివి ఎక్కడైనా చెప్పుకునే చోటు ఉందా? డాక్టరు కాగితం మీద రాసి వదిలేశారు, అంతే.

వైద్యవిద్యార్థి_జీఎంసీ
ఉంది అన్నా. మందుల దుష్ఫలితాలను నమోదు చేయడానికి ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ 2010 నుంచి నడుస్తోంది. టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024. పేషెంటు కూడా చెప్పొచ్చు, డాక్టరే చెప్పాలని లేదు. మెడికల్ కాలేజీల్లో దీనికి ఏడీఆర్ కేంద్రాలు ఉంటాయి. మూలికల మందులు కూడా రాయించొచ్చు. ఏం తాగారు, ఎప్పటి నుంచి, ఎంత, ఇంకే మందులు వాడారు, రిపోర్టులు: ఇవి దగ్గర పెట్టుకోండి.

మిర్చియార్డు_మస్తాన్
రసం బాటిల్ ఇంకా మామయ్య వాళ్ళింట్లోనే ఉందట. అత్తయ్య పారేయబోతుంటే ఆపాను. లేబుల్ ఫొటో పంపమన్నా.

ఎంఫార్మ్_లక్ష్మి
బ్యాచ్ నంబరు, తయారీ తేదీ కనిపించేలా తీయమనండి. సీసా కూడా మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచమనండి, పరీక్షకు అడిగితే ఇవ్వచ్చు.